జావలో చేదు

"ఈ వానలకు పిల్లకేమన్నా అయితే ఎట్లయ్యా?" అన్నాను. అప్పటికి పావని ఒక్క తుమ్మైనా తుమ్మలేదు. గడపలో కూర్చుని బడిలెక్కలు చేసుకుంటోంది.

"నీ నోట్లో మన్ను! చినుకు పడకముందే జలుబు పిలుచుకొస్తావు," అంటూ మా ఆయన నాగులు గొర్రెలను తోలుకుని పోయాడు.

ఆయనకేం, నవ్వుతాడు. మా మొదటి బిడ్డ విరేచనాలతోనే పోయాడు, రాచర్ల నుంచి ఆటో వచ్చేలోపే. ఏదో క్రిమి వల్లే అన్నారు. అప్పటినుంచి ఆ మాట వింటేనే నాకు భయం.

వానాకాలం గొర్రెలు విరేచనాలతో పారుకుంటే పెద్ద పసుపు మాత్రలు తెచ్చి మింగిస్తాం. మర్నాటికి గొర్రె లేచి మేస్తుంది. కళ్లారా చూశాను. గొర్రెను నిలబెట్టిన మందు బిడ్డను నిలబెట్టదా? పావని దగ్గితే చిటికెడు, ఒళ్లు వెచ్చబడితే పావు ముక్క. రోట్లో నూరి, బెల్లం ఎక్కువేసి రాగిజావలో కలిపేదాన్ని. ఏడాదిగా ఇదే పని. ఎవరికీ చెప్పలేదు. తీపిలో ఏం తెలుస్తుందిలే అనుకున్నాను.

ఆషాఢంలో దానికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆగకపోయేసరికి ఇంకొంచెం కలిపాను. శ్రావణం వచ్చేసరికి రక్తం కూడా పడింది. పన్నెండేళ్ల పిల్లను నాగులు చంటిబిడ్డలా ఎత్తుకుని గిద్దలూరు ఆసుపత్రికి తీసుకొచ్చాడు.

డాక్టరు పరీక్ష కాగితం చదివి నన్ను చూశాడు. "ఇంట్లో ఏం మాత్రలు వాడినారమ్మా?"

"ఏమీ లేదు సార్. జావ, గంజి. అంతే."

"దాచొద్దు. పేగుల్లో మనకు మేలు చేసే క్రిములు కోట్లుంటాయి. తిన్నది అరగనిచ్చేదీ, చెడ్డవాటికి చోటియ్యకుండా కాసేదీ అవే. అయినదానికీ కానిదానికీ మందులేస్తే ఆ కాపలా చచ్చిపోతాది. మిగిలిన చెడ్డ క్రిమి ఇల్లంతా తనదే అంటాది. ఈ పిల్లకు అదే అయింది. ఏ మందో తెలిస్తే ముందు దాన్ని ఆపాల. అది ఇంకా కడుపులో పడతానే ఉంటే నేనేమిచ్చినా నిలవదు."

అంటే, క్రిములకు భయపడి నేను చంపింది నా బిడ్డ కాపలావాళ్లనా?

"ఏమే, ఏమన్నా ఇచ్చినావా?" నాగులు గొంతు చిన్నదైపోయింది.

ఆ పూటకని తెచ్చిన మాత్ర ముక్క నా కొంగుముడిలోనే ఉంది. ముడిని పిడికిట్లో బిగించాను. బిడ్డకు గొర్రెల మందు పెట్టిన తల్లి! ఊళ్లో ఎట్లా తలెత్తుకోను? ఆయన మొహం ఎట్లా చూడను? డాక్టరు కలం పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. నాగులు నా మీద నుంచి చూపు తీయలేదు.

"గొర్రెల మాత్ర సార్," అంది మంచం మీద నుంచి పావని. "అమ్మ నూరేటప్పుడు చూసినా. జావ చేదుగా ఉంటాది. తాగకపోతే అమ్మ భయపడతాదని తాగినా."