నెలవంకల బొంత

మంచుతెరచే మసకబాఱిన సముద్రము మీదినుండి చలిగాలి మెల్లమెల్లగా వీచుచు భీమునిపట్టణపు ఇసుకతిన్నెలను తాటితోపులను పెంకుటిండ్ల చూరులను సమముగా వణకించుచుండ, బాలభానుని యరుణకిరణములు పావురాళ్ళకొండ శిఖరమునంటి యచ్చటనుండి పనికి పోవ నిష్టములేని కూలివానివలె ఆగి యాగి వీధులలోనికి దిగుచుండ, వలలు బాగుచేసికొను జాలరులు ఎండ తగులు గోడలచెంత జేరి ముడుచుకొని కూర్చుండి చుట్టలు కాల్చుకొనుచుండ, మార్గశిరమాసమున నొకానొక ప్రభాతమున ఆ పట్టణమందలి యిల్లాండ్రకందఱకును ఒక్కమాఱుగా బొంతలు జ్ఞప్తికి వచ్చెను. బొంతలు జ్ఞప్తికి వచ్చినప్పుడు సన్యాసమ్మ జ్ఞప్తికి రాకుండుట యా యూర నసంభవము.

తక్కిన యూళ్ళయందు బొంత యనగా చినిగిన చీరలను నాలుగు మడతలు పెట్టి పెద్దసూదితో నిటునటు పొడిచి మూటవలె తయారుచేసిన పదార్థము. సన్యాసమ్మ బొంత యట్టిది కాదు. ఆమె చిన్నతనమున రేవు దొరగారి యింట బిడ్డల నాడించు పనికి కుదిరి, ఆ దొరసాని తీరికవేళల కుట్టుచుండిన విచిత్రమైన కుట్టును కనురెప్ప వాల్చక చూచి నేర్చికొనెను. మొదట కాగితమును కావలసిన రూపమున కత్తిరింపవలెను. గుడ్డముక్కను దానిపై గప్పి యంచులు వెనుకకు మడచి టాకాలు వేయవలెను. అట్లు కాగితము దన్నుగా నిలువబడిన ముక్కలను అంచునకంచు చేర్చి కంటికి కానరాని సన్నకుట్టుతో కలుపుకొని పోవలెను. అన్నియు కలిసిన పిదప టాకాలు విప్పి కాగితములను లాగివేసి, లోపల మెత్తని పాతచీరలు పఱచి అడుగున అస్తరు పెట్టి మూడు పొరలును పట్టునట్లు పైనుండి పరుగుకుట్టు వేయవలెను.

దొరసాని తేనెపట్టు గదులవంటి ఆఱుమూలల ముక్కలను మాత్రమే యెఱుగును. సన్యాసమ్మకు మూలలు నచ్చలేదు. పసిబిడ్డల మేనికి తగులు వస్తువునకు మూలలెందులకని యామె నెలవంకలను కత్తిరించెను. ఇది పలుకుటకు సులభము. లోవంపునకు కత్తెరతో గంట్లు పెట్టనిచో గుడ్డ ఒదుగదు, ఒకటి రెండు గంట్లు అధికమైనచో పోగులు రాలును. వెలివంపును గోటితో కూర్చి వ్రేలితో నిమిరి బుజ్జగించి మడవనిచో ముడుతలు పడును. ఇక నెలవంక కొమ్ముల సంగతి చెప్పనే యక్కఱలేదు. ఆ సన్నని కొనలయందు ఇఱికిన కాగితము బయటికి వచ్చుటకు చేయు పెంకెతనము సన్యాసమ్మకే తెలియవలెను.

ఆ కాగితములేవి యందురా? పాతపంచాంగములు. ఉగాది గడచిన మఱునాటి పాతపంచాంగము కంటె నిరుపయోగమైన వస్తువు లోకమున మఱియొకటి లేదు గనుక ఊరివారందఱును వానిని తెచ్చి యామె యఱుగుమీద పడవేసి పోవుచుందురు. అయితే యిందొక చిక్కు గలదు. లోపల నొక్క తునుక మిగిలినను అది యే దుర్దినపు తునుకయో, ఏ యమావాస్యయో, ఏ వర్జ్యమో ఎవరు చెప్పగలరు? దానిమీద పసికూనను పరుండబెట్టుటకు ఏ తల్లికి మనసొప్పును? అందుచే సన్యాసమ్మ పూర్తియైన ప్రతి బొంతను చెవికానించుకొని ఒక్కొక్క నెలవంకను వ్రేళ్ళతో నలిపి చప్పుడు వినుచుండెడిది. గరగర యను ధ్వని యిసుమంతయు లేదని రూఢియైన పిమ్మటనే బొంత గడప దాటెడిది. ముప్పదియేండ్లలో ఆమె బొంత యొక్కటియు గరగరలాడి యెఱుగదు. ఆమె పేరు ప్రతిష్ఠలన్నియు ఆ నిశ్శబ్దముమీదనే నిలిచియుండెను.

ఇట్లుండ మూడేండ్ల క్రిందట నొకనాటి యుదయమున సన్యాసమ్మ యఱుగుమీద కూర్చుండి సముద్రము శాంతించినదని యనుకొనెను. మఱునాడును శాంతముగానే యుండెను. మూడవనాడు అలలు ఒడ్డునకు వచ్చి విఱుగుటను కన్నులార చూచుచు వాని ఘోష వినబడక పోవుటచే, శాంతించినది సముద్రము కాదనియు తన చెవులే యనియు గ్రహించి యామె యెంతో భయపడెను. తెలిసినచో ఎవరు బొంత కుట్టింతురు? చెవిటిది పరీక్షించిన బొంతపై ఎవరు బిడ్డను వేయుదురు? కుట్టు పోయినచో తానేమగును? ఆమె యెవరికిని చెప్పలేదు. ఎదుటివారి పెదవులను కనిపెట్టి తెలిసినంతకు బదులుచెప్పుచు తెలియనిదానికి తల యూచుచు కాలము గడుపుచుండెను. బొంతలను మాత్రము యథాప్రకారముగా చెవికానించుకొని నలుపుచు, ఏమియు వినబడకపోవుటచే తృప్తిపడుచుండెను.

ఆ మార్గశిర ప్రభాతమున కోడలు దాలమ్మ నీళ్ళబిందె దింపి అత్తగారి కెదురుగా వచ్చి కూర్చుండి గట్టిగా చెప్పెను.

"అత్తా, పైడితల్లి బొంత గరగరమంటందట. నూతికాడ అందరూ అదే సెప్పుకుంతన్నారు."

సన్యాసమ్మ చేతిలోని సూది జాఱెను. పైడితల్లి రెండు వీధుల కవతల నుండు జాలరివాని భార్య. ఆశ్వయుజమాసమున దాలమ్మ పుట్టింటికి పోయియున్న దినములలో ఆమెకు తొలిచూలు మగబిడ్డ కలుగగా ఆ బొంతను సన్యాసమ్మ యొక్కతెయే కుట్టి యిచ్చెను. ఆమె కత్తెర సూది దారము కొంగున మూటగట్టి లేచెను. దాలమ్మయు వెంట నడిచెను.

పైడితల్లి వాకిట నీరెండలో బొంత పఱచి బిడ్డను దానిపై వేసి యుండెను. నీలి నెలవంకలు కుంకుమరంగు వలయములలో నొదిగియున్న ఆ బొంతమీద ఆ రెండునెలల ప్రబుద్ధుడు కాళ్ళు విదల్చుచు ఆకాశముతో ముచ్చటలాడుచుండెను.

"బొంత ఇయ్యి గుంటా," అని సన్యాసమ్మ చేయి చాచెను. "ఏదో పాపిష్టి కాగితం ఉండిపోనాది. తీసేసి మల్లీ ఇచ్చేత్తాను."

పైడితల్లి బిడ్డను బొంతతో సహా యెత్తి రొమ్మున కదుముకొనెను.

"ఇవ్వను మామ్మా. నాకు రేచీకటి. పొద్దుగూకితే దీపమెట్టినా నాకేటీ కనబడదు. ఈడి అయ్య యేటకెల్లిపోతాడు. ముందర పొద్దు పొడిసేదాకా ఈడి ముక్కుకాడ సెయ్యెట్టుకుని ఊపిరుందో నేదో అని కూకుండీదాన్ని. ఈ బొంతొచ్చినాక ఈడు మెదిల్తే గరగరమంటాది. అది ఇని ఓ కునుకు తీత్తన్నాను. దాన్ని తీసీకు మామ్మా."

ఆమె బిడ్డవైపు ముఖము త్రిప్పి పలుకుటచే సన్యాసమ్మకు పెదవులు కానరాలేదు. కోడలివంక చూచెను. ఇంతలో పైడితల్లి బొంత యంచు నొకదానిని ముసలిదాని చెవియొద్దకు దెచ్చి వ్రేళ్ళతో నలుపుచు నగుమొగముతో నిలిచెను.

"ఇను మామ్మా. ఎంత మంచి సప్పుడో!"

ఈమాఱు పెదవులు కనబడెను. తల యూచినచో సరిపోవును. మూడేండ్లుగా నామె యభ్యసించిన విద్య యదియే. కాని కాగితము ఏ కొమ్మున నున్నదో తెలియక తీయుట యెట్లు? తీయక పోయినచో ఏ యమావాస్య ముక్కపైననో ఆ పసివానిని వదలి పోవుట యెట్లు? సన్యాసమ్మ ఆ చిన్నపాదములను చూచెను. తల యాడలేదు.

"నాకు ఇనబడదమ్మా," అనెను. "మూడేళ్ళయి నాకేటీ ఇనబడతం నేదు."

దాలమ్మ అత్తగారి భుజముపట్టి తనవైపు త్రిప్పుకొని ప్రతి మాటయు పెదవులపై కానవచ్చునట్లు పలికెను.

"నాకు తెలుసత్తా. నువ్వు నీళ్ళోసుకోడానికి ఎల్లినప్పుడల్లా బొంతలు నానే ఇని, మిగిలిన ముక్కలు తీసేసీదాన్ని. ఈ ఒక్కదానికే నాను ఊళ్ళో నేకపోనాను."

సన్యాసమ్మకు పట్టరాని కోపము వచ్చెను. తాను దాచినదానిని మఱియొకరు తనకంటె చక్కగా దాచినారని తెలిసినప్పుడు కలుగు కోపమది. ఈ మూడేండ్లును తాను గర్వించిన నిశ్శబ్దము తనది కాదు, ఈ పిల్లదానిది.

"మరి సెప్పనేదేటి?"

"సెప్తే కుట్టడం మానేత్తావని."

ఆ కోపము ఎంతసేపుండగలదు? సన్యాసమ్మ కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొని యేడ్చెను. ఆ యేడ్పున సిగ్గు కొంత యున్నను, బరువు దింపుకొనిన సుఖమే యెక్కువగా నుండెను.

కన్నులు తుడుచుకొన్న పిమ్మట నామె మరల సన్యాసమ్మ యయ్యెను. బిడ్డను తల్లి చేతులలోనే యుంచి బొంతను మెల్లగా తీసి మోకాళ్ళపై వేసికొని దాలమ్మను వినుమనెను. దాలమ్మ చెవి యానించి యొక్కొక్క నెలవంకను నలిపి తూర్పుమూలనున్న దానిని చూపెను. సన్యాసమ్మ కొమ్ముకడ నాలుగు కుట్లు విప్పి సూదిమొనతో చిటికెనవ్రేలి గోరంత కాగితపు తునుకను వెలికి దీసెను. దానిమీద రెండు నల్లని యక్షరములుండెను. ముగ్గురును దానిని త్రిప్పి త్రిప్పి చూచిరి. ముగ్గురిలో నొకరికిని చదువు రాదు. అది యమావాస్యయో పున్నమయో పెండ్లిముహూర్తమో నేటికిని ఎవరికిని తెలియదు.

"మంచిదో సెడ్డదో తెలీనిది పసోడి కింద వొద్దు," అని సన్యాసమ్మ దానిని గాలికి వదలెను. పైడితల్లి ముఖము వాడెను. ముసలిది దానిని గమనించి కారణమడుగగా, దాలమ్మ రేచీకటి సంగతిని పెదవులపై కానవచ్చునట్లు చెప్పెను. అంతట సన్యాసమ్మ, "ఇంట్లో పసుపు పొట్లం కట్టిన కాగితం ఉంటే పట్రా," అనెను.

పైడితల్లి తెచ్చిన కాగితము పసుపు మరకలతో సుగంధముతో పెళపెళలాడుచుండెను. సన్యాసమ్మ దానిని నాలుగు నెలవంకలుగా కత్తిరించెను. కొలత గీత లేకయే ఆ కత్తెర వంపు తిరిగిన తీరు చూచి దాలమ్మ ముప్పదియేండ్ల పనితనమన నేమో నాడు మఱల తెలిసికొనెను. బొంత నాలుగు మూలలయందును ఒక్కొక్క నెలవంక కుట్టు విప్పి కాగితమును లోనికి దూర్చి యంచు కూర్చి వేలితో నిమిరి మూసివేసెను. విప్పినచోటు విప్పినట్లు కానరాలేదు.

"ఏ మూల సప్పుడైతే ఆ మూలకి దొర్లినాడన్నమాట. సీకట్లో తడుముకోనక్కర్నేదు," అనెను.

"ఉతికితే నానిపోవా మామ్మా?"

"ఉతికినప్పుడల్లా పట్రా. ఈడు నడిసీదాకా కొత్తవి ఎడతాను. ఇనడానికి దాలమ్ముంది."

ఆ మాట యామె వీధిలో పోవువారికి సైతము వినబడునంత గట్టిగా పలికెను. చెవిటివారికి తమ కంఠము తెలియకపోవుట సహజమే కాని, నాడు మాత్రము ఆమె తెలిసియే యట్లు పలికెనని ఈ కథకుని నమ్మకము.

ఎండ వాకిలి నిండెను. బిడ్డను మరల బొంతపై పరుండబెట్టిరి. పైడితల్లి పరీక్షింపగోరి కన్నులు గట్టిగా మూసికొని చెవులు రిక్కించి కూర్చుండెను. దాలమ్మయు ఊపిరి బిగబట్టెను. సన్యాసమ్మకు వినవలసిన పని లేదు గనుక ఊరక బొంత యంచుపై అరచేయి యానించి యుండెను. బిడ్డ కొంతసేపు ఆకాశమును చూచెను, కొంతసేపు తన పిడికిలిని చీకెను, తుదకు యోచించి యోచించి కాలు సాచెను. సూదిపోట్లచే గట్టిపడిన ఆ ముదుసలి వ్రేళ్ళక్రింద, గుడ్డ పొరల నడుమ, ఎండుటాకు నలిగినట్లు ఏదియో చిన్నగా నలిగెను. ఆమె ముఖము వికసించెను.

"తూరుపు మూల," అని తల్లికంటె ముందుగా సన్యాసమ్మ పలికెను.