కుడికాలి సాక్సు

ఫుట్‌బాల్ సాక్సులకి ఇంతసేపా అని దుకాణదారు మొహం మీదే రాసి ఉంది. ఉంటే ఉండనీ. పనికిరాని జత పట్టుకుని ఇంటికెళ్ళే ఉద్దేశం నాకు లేదు.

మా అమ్మాయికి కాలు విరిగింది. కట్టు విప్పి, డాక్టరు సరేనన్నాక మొన్ననే మళ్ళీ మైదానంలో అడుగుపెట్టింది. కట్టులో ఉన్న కుడి పిక్క బాగా చిక్కిపోయింది. పరుగెత్తుతుంటే ఆ కాలి సాక్సు చీలమండ దాకా జారి, దెబ్బ తగలకుండా లోపల పెట్టుకున్న పలక ఊడిపడింది. కోచ్ పిల్లని పక్కన కూర్చోబెట్టాడు. రేపటి మ్యాచ్‌లోనూ జారితే ఇక ఆడించనన్నాడు.

అది మాత్రం షాపులో అన్నిటికంటే పెద్ద, మందపాటి జత చంకలో పెట్టుకుని కూర్చుంది.

"అవి మీ నాన్నకి సరిపోతాయే," అన్నాను.

"పెరుగుతాను కదమ్మా."

నా మాట నాకే అప్పజెప్పింది. మా ఇంట్లో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. ఆ రూలు పెట్టింది నేనే. కానీ దీని ఎత్తుగడ నాకు తెలియనిదా? మందంగా ఉంటే రెండు కాళ్ళూ ఒకేలా కనిపిస్తాయని ఆశ. అయినా మెత్తబడలేదు.

"ప్యాంటు పైకి మడువు. పలకలు పెట్టుకుని పరుగెత్తు."

ఆ పెద్దవి తొడుక్కుని అరల మధ్య అటూ ఇటూ పరుగెత్తింది. కుడిది జారింది. మధ్య సైజు తొడిగితే ఎడమది నిలిచింది, కుడిది మళ్ళీ జారింది. చిన్న సైజులో కుడిది కదల్లేదు గానీ ఎడమకాలు నొక్కేస్తోందని ఒకటే గోల.

"పైన రబ్బరు బ్యాండు వేస్తే సరి మేడమ్," అన్నాడు దుకాణదారు.

ముందు మీ మెడకి వేసుకు చూడండి అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"మధ్య సైజు ఒకటి, చిన్నది ఒకటి ఇవ్వండి."

"జత విడగొట్టమండీ. అయినా రెండు సైజులెందుకు?"

సరిగ్గా అప్పుడే వాళ్ళ జట్టు గోల్‌కీపరు పిల్ల తండ్రితో లోపలికి వచ్చింది. మా అమ్మాయి గబుక్కున ప్యాంటు దించుకుని నా చెయ్యి గిల్లింది. చెప్పొద్దని. కాలు చిక్కిన సంగతి బళ్ళో ఇంతవరకూ ఎవరికీ తెలియనివ్వలేదు మరి.

"రేపు ఆడుతున్నావా? నువ్వు లేకపోతే అందరూ నా మీదికే వస్తున్నారు," అంది ఆ పిల్ల.

మా అమ్మాయి విప్పినా చేతిలోంచి వదలని పెద్ద జత కేసి చూసింది. తర్వాత దాన్ని అరలో పెట్టేసింది. వంగి రెండు కాళ్ళ మీదా ప్యాంటు మోకాళ్ళ దాకా లాగి, దుకాణదారు ముందు నిలబడింది.

"నా కుడికాలు సన్నబడిందండీ. దానికి చిన్నది కావాలి. రేపు నేను ఆడాలి."

గొంతు వణికింది గానీ మాట ఆగలేదు.

"రెండు జతలూ ఇచ్చేయండి," అన్నాను పర్సు తీస్తూ.

అక్కడే ఎడమకి మధ్యదీ, కుడికి చిన్నదీ తొడుక్కుని, స్నేహితురాలు చూస్తుండగానే అరల మధ్య పరుగు తీసింది. ఏదీ జారలేదు.