ఆమె పేరు మీద

మూడో విడత బట్టలు ఆరేస్తుంటే ఫోన్లో మెయిలు వచ్చిన చప్పుడైంది. దుప్పటికి క్లిప్పులు పెట్టి, తడిచెయ్యి నైటీకి తుడుచుకుని చూసింది. పంపినవాళ్ళెవరో ఆమెకి తెలియదు. లోపల మాత్రం తన పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఏడేళ్ళ క్రితం ఆ దేశంలో ఏ స్పెల్లింగుతో రాసుకునేదో, సరిగ్గా ఆ స్పెల్లింగుతోనే. కింద ఒక క్రెడిట్ కార్డు చివరి నాలుగు అంకెలు. అసలు నాలుగు వేల రెండు వందలు. వడ్డీలూ జరిమానాలూ కలిసి పదకొండు వేలు దాటింది, అదీ ఆ దేశపు డబ్బులో. బ్యాంకు ఆ బాకీని అమ్మేస్తే వీళ్ళు కొనుక్కున్నారట. అప్పుల్ని కూడా కొనుక్కునేవాళ్ళుంటారని ఆమెకి అప్పుడే తెలిసింది.

హాల్లో భర్త సరుకుల బిల్లు చూస్తున్నాడు. లిఫ్టుల కంపెనీలో ఇంజనీరతను. ఆరు రోజులు మరమేకులూ తీగలూ లెక్కపెట్టి, ఏడో రోజు ఇంట్లో సబ్బులు లెక్కపెడతాడు. కోపంగా కాదు. సరదాగానే అడుగుతాడు. ఆ సరదాకి జవాబు చెప్పడానికి ఆమె చేతిలో పని ఆపి నిలబడాలి.

“గిన్నెల సబ్బు నెలకి మూడెందుకు? తింటున్నావా?”

ఆమె దానికి జవాబు చెప్పకుండా మెయిలు సంగతి చెప్పింది. అతను ఫోను తీసుకుని పైనుంచి కిందికి ఒకసారి చూసి, నవ్వి తిరిగిచ్చేశాడు. “తీసిపారెయ్. సముద్రం దాటొచ్చి అడిగేదెవడు? నువ్వు మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టకపోతే సరి” అన్నాడు.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. “ఏంటట? మహారాణిగారి పాత బాకీలా?”

అతను నవ్వాడు. కింద కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటున్న పదేళ్ళ కూతురు కూడా, తల ఎత్తకుండానే, నవ్వింది. ఏ మాటకి నవ్వాలో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. భర్త నవ్వు, అత్తగారి నవ్వు ఆమెకి అలవాటైపోయాయి. పిల్ల నవ్వు మాత్రం చెప్పులో రాయిలా సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంది.

ఆ ‘మహారాణి’ వెనక ఒక కథ ఉంది. వాళ్ళు ఆ దేశంలో నాలుగేళ్ళున్నారు. మూడో ఏడు ఆమె ఇంటి దగ్గరున్న పిల్లల సంరక్షణ కేంద్రంలో సహాయకురాలిగా చేరింది. ముక్కులు తుడవడం, చేతులు కడిగించడం, పడుకోబెట్టడం. ఎనిమిది నెలలు జీతం పడేసరికి బ్యాంకువాళ్ళు ఆమెకి కార్డిస్తామని ఉత్తరం రాశారు. అప్పటికి అతని కార్డు నిండిపోయి ఉంది. “తీసుకుందాం, అవసరానికి పనికొస్తుంది” అన్నాడు. కార్డొచ్చిన రోజు దాని వెనక ఆమె సంతకం పెట్టింది. తర్వాత అది అతని పర్సులోకి వెళ్ళింది. ఎప్పుడైనా ఆమెకి కావాలంటే అడిగి తీసుకుని, వాడి, తిరిగి ఇచ్చేసేది.

అతని కంపెనీ అక్కడి శాఖ మూసేసినప్పుడు మూడు వారాల్లో సామాను సర్దుకుని వచ్చేశారు. కార్డు సంగతేమిటని విమానంలో ఆమె అడిగితే కళ్ళు మూసుకునే “చూద్దాంలే” అన్నాడు. నాలుగేళ్ళుండి ఏం కూడబెట్టారని బంధువులు అడిగినప్పుడు అతనికి ఏదో ఒక జవాబు కావలసివచ్చింది. “మీ కోడల్నడగండి. అక్కడ షాపులన్నీ ఆవిడవే” అని నవ్వేశాడు. నవ్వుతూ అన్న మాటే నాలుగిళ్ళు తిరిగి వచ్చేసరికి నిజమై కూర్చుంది. మా అబ్బాయిని అప్పుల్లో ముంచి తీసుకొచ్చిందని అత్తగారు, వాళ్ళాయన బతికున్నప్పుడూ పోయాకా, వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. ఇక్కడ ఫిజియోథెరపీ క్లినిక్‌లో రిసెప్షన్ ఉద్యోగం దొరికినప్పుడు, జీతం అతని ఖాతాలో పడేట్టు రాయించాడు. “నీ చేతిలో డబ్బు నిలవదు కదా” అన్నాడు ప్రేమగానే. ఆమె కాదనలేదు.

ఎందుకు కాదనలేదంటే, ఆమె కూడా నమ్మింది. నమ్మకపోవడానికి ఆధారమేదీ చేతిలో లేదు. కార్డు తన పేరు మీదుంది. తను కొన్నవీ ఉన్నాయి. ఒక చలికోటు, పడగ్గదికి కర్టెన్లు. ఆకుపచ్చ కర్టెన్లు, అంచున తెల్లటి కుట్టు. ఏడేళ్ళలో ఆ కోటూ ఆ కర్టెన్లూ ఆమె మనసులో పెరిగి పెరిగి నాలుగు వేల రెండు వందలైపోయాయి. ఆ రోజు ఆ కర్టెన్లు ఎందుకు కొన్నాను, పాత దుప్పటి చింపి కట్టుకుంటే పోయేది కదా అని గిన్నెలు తోముతూ ఎన్నిసార్లు అనుకుందో.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది. ఆమె చెల్లెలు ఇప్పటికీ ఆ దేశంలోనే ఉంది. మూడేళ్ళ క్రితం చెల్లెలికి ఐదో నెలలో కడుపు పోయింది. అక్కా, ఒక్క నెల వచ్చి ఉండవా అని ఫోన్లో ఏడ్చింది. వెళ్తానని ఆమె అంటే భర్త కంగారుపడ్డాడు. “విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. నీ పేరు మీద బాకీ ఉంది, తెలుసా? పిల్లనేం చేస్తావ్?” ఆమె వెళ్ళలేదు. ఏదో సాకు చెప్పింది. అప్పట్నుంచి చెల్లెలు ఫోన్లో బాగానే మాట్లాడుతుంది కానీ రమ్మని మాత్రం అడగదు.

ఆ మెయిలుని ఆమె తీసిపారెయ్యలేదు. మంగళవారం మధ్యాహ్నం, డాక్టరమ్మ భోజనానికి వెళ్ళాక, క్లినిక్‌లో పాత ఫైళ్ళుండే గదిలో తలుపేసుకుని ఆ నంబరుకి ఫోన్ చేసింది. అక్కడ అప్పుడే ఆఫీసులు తెరిచే వేళ. ఎత్తింది ఒక నడివయసు ఆడమనిషి. ఆ దేశపు భాష ఏడేళ్ళుగా నోట పలకలేదు. అదీ ఆమె నేర్చుకున్నదంతా చిన్నపిల్లల దగ్గరే. నెమ్మదిగా, వరుసలో రా, నొప్పిగా ఉందా, చూపించు. ఆ మాటలే అటూ ఇటూ పేర్చి తనెవరో చెప్పింది. అవతలి మనిషి తొందరపెట్టలేదు. వివరాలు సరిచూసుకుని, మెత్తగా చెప్పింది.

“ఇది చాలా పాత బాకీ అండీ. కోర్టుకి వెళ్ళే గడువు దాటిపోయింది. ఆ సంగతి మీకు చెప్పడం నా బాధ్యత. ఒక్క వాయిదా కట్టినా ఆ గడువు మళ్ళీ మొదలయ్యే అవకాశముంది. అదీ ఆలోచించుకుని చెప్పండి.”

“నేనక్కడికి వస్తే విమానాశ్రయంలో పట్టుకుంటారా?”

“కార్డు బాకీకి ఎవర్నీ పట్టుకోరండీ. అప్పుడూ పట్టుకునేవాళ్ళు కాదు. మీకెవరు చెప్పారు?”

ఆమె అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. లైన్లో ఉన్నారా అని అవతలి మనిషి రెండోసారి అడిగాక, ఆ కార్డుతో ఎప్పుడేం కొన్నారో మొత్తం కాగితాలు పంపగలరా అని మాత్రం అడిగింది.

శుక్రవారానికి వచ్చాయి. పందొమ్మిది పేజీలు. క్లినిక్ ప్రింటర్లో తీసుకుంటానంటే డాక్టరమ్మ తీసుకోమంది. మధ్యాహ్నం ఆకుపచ్చ పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా తినడానికి తెచ్చుకున్న డబ్బా మూత తియ్యకుండానే ఉండిపోయింది.

మొదటి పేజీలోనే భర్త కెమెరా దొరికింది, మూడో పేజీలో దానికి కొన్న ఇంకో లెన్సు. మరిది చదువుకి పంపిన లాప్‌టాప్. కారు రిపేరు రెండుసార్లు. ఆఫీసు స్నేహితుల్ని తీసుకెళ్ళిన హోటళ్ళు ఒకదాని తర్వాత ఒకటి. ఆ శుక్రవారాల్లో తను పిల్లని పడుకోబెట్టి, అతనొచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడి ఉండేది. తొమ్మిదో పేజీలో ఒక పళ్ళ డాక్టరు పేరు, పద్నాలుగు వందలు. ఎవరివో గుర్తు రావడానికి కాస్త సమయం పట్టింది. అత్తగారు ఆరు నెలలు వచ్చి ఉన్నప్పుడు కట్టించుకున్న పళ్ళు. ఆమెకి నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వింది. ఏడేళ్ళుగా తనను నమిలింది ఆ పళ్ళతోనే.

కోటు పదకొండో పేజీలో ఉంది. కర్టెన్లు పన్నెండులో, ముప్పై ఎనిమిది. రెండూ కలిపి నూట అరవై దాటలేదు. పాప జ్వరం మందులు ఎవరి లెక్కలో వెయ్యాలో తెలియక గుర్తు పెట్టకుండా వదిలేసింది.

డాక్టరమ్మ తిరిగి వచ్చి ఆ కాగితాలు చూసి అంతా విని, “నువ్వు పైసా కట్టకు. ఆయన చేత కట్టించు” అంది. ఆమె రెండూ ఆలోచించింది. కట్టకపోతే బాకీ దానంతటదే మాసిపోతుంది, నిజమే. కానీ ఇంట్లో కథ మాసిపోదు. అతని చేత కట్టిస్తే, ‘నీ అప్పు నేను తీర్చాను’ అనే మాట ఇంకో ముప్పై ఏళ్ళు వినాలి. అంతకంటే పదకొండు వేలూ తనే కట్టుకోవడం చవక. అలా లెక్క వేసుకున్నాక ఆమెకి ఆకలేసింది. డబ్బా తెరిచి, చల్లారిపోయిన అన్నం చివరి మెతుకు దాకా తింది.

శనివారం ఉదయం బ్యాంకుకి వెళ్ళి తన ఒక్కదాని పేరు మీద ఖాతా తెరిచింది. సంతకం పెట్టాల్సిన చోట్లన్నీ చూపించిన గుమాస్తా భర్త రాలేదా అని అడిగితే, లిఫ్టు బాగుచేస్తున్నాడని చెప్పింది. అక్కణ్ణించి క్లినిక్‌కి వెళ్ళి, ఈ నెలనుంచి జీతం ఈ నంబరుకి వెయ్యండని కాగితం రాసిచ్చింది.

సాయంత్రం టీ కప్పులతో పాటు ఆ పందొమ్మిది పేజీలూ తెచ్చి బల్ల మీద పెట్టింది. పిల్లని కూడా కూర్చోమంది. ఆకుపచ్చ గుర్తున్నవి తనవనీ మిగతావి కావనీ చెప్పింది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. భర్త నవ్వబోయి, రెండు పేజీలు తిప్పేసరికి నవ్వడం మానేశాడు. “అయిపోయినవన్నీ ఇప్పుడు తవ్వడం దేనికి? అందరి కోసమే కదా ఖర్చు పెట్టింది” అన్నాడు. అందరి కోసమే, నిజమేనంది ఆమె. నేను వెళ్తే పట్టుకుంటారని చెప్పిందీ అందరి కోసమేనా అని అడిగింది. అతను కప్పు వంక చూశాడు. ఎవరో అంటే విన్నానన్నాడు. ఎవరని ఆమె అడగలేదు.

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని తొమ్మిదో పేజీ చేతిలోకి తీసుకుంది. అంకెలు చదవడం ఆవిడకొచ్చు. చాలాసేపు చూసి, కొడుకు వైపు తిరిగింది.

“నా పళ్ళ డబ్బులు నువ్వు కట్టావని చెప్పావు కదరా?”

“కట్టాను కదమ్మా, కార్డుతో.”

“ఎవరి కార్డుతో?”

ఆవిడ కాగితాన్ని జాగ్రత్తగా, అంచులు కలిపి, మిగతావాటి మీద పెట్టింది. కోడలి వైపు చూడలేదు, క్షమించమనలేదు. టీ మాత్రం తాగకుండా లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో మహారాణి అన్న పిలుపు వినిపించలేదు.

అప్పుడు ఆమె చెప్పింది. బాకీ తను తీరుస్తుంది. నిన్న రాత్రి మెయిల్లో అడిగితే, పదకొండు వేలకి బదులు పందొమ్మిది వందలకి తెంచుకోవడానికి ఒప్పుకుంటామని ఉత్తరం పంపారు, పది నెలల వాయిదాలు. ఆ పది నెలలూ ఇంటి ఖర్చు అతనిదే. జీతం ఇప్పటికే వేరే ఖాతాకి మార్పించింది.

“చచ్చిన అప్పుని లేపి మరీ కడతారా ఎవరైనా? నీకేమైనా పిచ్చా?” అతని గొంతులో మొదటిసారి సరదా లేదు.

“నా అప్పని మీరే అన్నారు కదండీ, ఏడేళ్ళూ. నా అప్పయితే, తీర్చే జీతం కూడా నాదే.”

“సరే. పది నెలలు. ఆ తర్వాత మళ్ళీ మామూలుగా—”

“ఆ తర్వాత చెల్లెలి దగ్గరికి వెళ్తాను. నెల రోజులకి.” అడుగుతున్నట్టు కాదు, రేపు కూరగాయలు తేవాలి అన్నట్టు చెప్పింది. పిల్ల తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది కానీ నవ్వలేదు. నేనూ రావచ్చా అని అడిగింది. రావచ్చంది తల్లి.

సోమవారం మధ్యాహ్నం మళ్ళీ ఫైళ్ళ గదిలోంచి ఫోన్ చేసింది. ఎత్తింది ఆ నడివయసు మనిషే. ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో మానేస్తే ఇబ్బందని మళ్ళీ గుర్తు చేసింది. మానెయ్యనని ఆమె చెప్పింది. ఏ తారీకున ఎంతో రాసుకున్నారు. చివరి వాయిదా కట్టాక బాకీ లేదని ఆమె పేరున ఉత్తరం వస్తుంది. చిరునామా, పుట్టిన తేదీ సరిచూసుకున్నాక, అవతల కీబోర్డు చప్పుడు ఆగింది.

“ఇంకొక్కటి. అందర్నీ అడుగుతాం. ఈ ఖాతా విషయంలో మీ తరఫున మాట్లాడే అనుమతి ఇంకెవరికైనా ఇస్తారా? భర్తకి గానీ, కుటుంబంలో ఎవరికైనా గానీ?”

ఇలాంటి ప్రశ్న ఇన్నేళ్ళలో ఆమెనెవరూ అడగలేదు. అనుమతి ఆమె దగ్గరుందని కూడా ఎవరికీ తోచలేదు.

“ఎవరికీ ఇవ్వను. నా తరఫున నేనే మాట్లాడతాను.”

“అలాగేనండీ. రాసుకున్నాను.”

“ఏం రాశారో ఒకసారి చదివి వినిపిస్తారా?” అని అడిగి, ఆమె ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుంది.