తిరిగి చెప్పిన అంకె

పాండురంగయ్య వంగి, నీటిమట్టం చూపే గేజిరాయి మీది నాచును బొటనవేలితో తుడిచి, "నాలుగూ రెండు" అన్నాడు ఫోన్లోకి. అంటే కాలవలో నాలుగడుగుల రెండంగుళాల నీరుందని. మూడు కిలోమీటర్ల దిగువ లాకు దగ్గరున్న బసవయ్య "నాలుగూ రెండు" అని తిరిగి చెప్పి, "గొంతేంటి అలా ఉంది? మళ్లీ పుల్లటి పెరుగు లాగించావా?" అని వేళాకోళమాడాడు. ఆ తరువాతే పాండురంగయ్య ఫోను జేబులో వేసుకున్నాడు.

ఇద్దరూ కాలవ లాకులు చూసే లస్కర్లు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా రోజూ ఇదే మాట. మొదట్లో తీగ ఫోను ఉండేది. వానాకాలంలో గరగర తప్ప ఏమీ వినపడక ఇద్దరూ గొంతులు చించుకునేవారు. ఆ అరుపులే బాగుండేవనిపిస్తుంది పాండురంగయ్యకు. ఎదురెదురుగా కూర్చున్నది ఏ పెళ్లిలోనో తప్ప లేదు. అయినా దగ్గు వింటే చాలు, బసవయ్య ఆ పూట ఎన్ని చుట్టలు కాల్చాడో పాండురంగయ్య చెప్పేయగలడు.

పాండురంగయ్య అక్క మనవరాలు అక్షయ విజయవాడలో కంప్యూటర్ల ఇంజనీరింగు చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టు రాసుకుంటూ మొన్నటినుంచీ నోటుపుస్తకంతో అతని లాకు దగ్గరే తిష్ఠ వేసింది.

"ఏదన్నా యాప్ చేసుకోవచ్చుగా, నలుగురూ చూస్తారు" అన్నాడు.

"పైకి కనపడేది ఎవరన్నా చేస్తార్లే తాతయ్యా. నాకు వెనకాల నడిచే బ్యాకెండే ఇష్టం. ఎక్కడెక్కడో ఉన్న సర్వర్లన్నీ ఒక్క మాట మీద ఉండాలి. బసవయ్య తాత అంకె తిరిగి చెప్పేదాకా నువ్వు షట్టరు ముట్టుకోవు చూడు, అవీ అంతే." కలం కొరుకుతూ ఆలోచించింది. "ఒక్కటే చిక్కు. అవతల సర్వరు పలక్కపోతే, అది ఆలస్యమో, పోయిందో ఇక్కణ్ణుంచి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు. ఇంకోసారి ఫోను చేస్తాం."

"అప్పుడూ పలక్కపోతే?"

"బసవయ్య పలక్కపోవడమేంటే!" అని నవ్వేశాడు.

పదకొండింటికి ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎగువన వానలు, ఆరంగుళాలు అదనంగా వదలమని. ముందు దిగువన షట్టర్లు లేపాలి. లేకపోతే మలుపులో పల్చబడ్డ గట్టు తెగి, నాట్లేసిన చేలు మునుగుతాయి. పాండురంగయ్య ఫోను చేశాడు. మోగింది. మళ్లీ చేశాడు. మూడోసారీ మోగి మోగి ఆగిపోయింది. నీళ్లేమో కళ్లముందే గేజిరాయి ఎక్కుతున్నాయి. చెయ్యి షట్టరు చక్రం మీదికి పోయింది గాని తిప్పడానికి మనసొప్పలేదు.

"ఆయన తరవాత ఎవరు తాతయ్యా?" అంది అక్షయ.

బసవయ్యకు దిగువ లాకులో జాన్‌బాబు ఉన్నాడు. అతనికి మోటారుబండి ఉంది. సంగతి వినగానే బయల్దేరాడు. అరగంటకు ఫోను మోగింది.

"మా లాకూ, ఇక్కడ బసవయ్య లాకూ రెండూ లేపానన్నా. ఆరంగుళాలు. వదిలెయ్."

పాండురంగయ్య బలమంతా పెట్టి చక్రం తిప్పాడు. నీళ్లు తెల్లగా కిందికి దూకాయి. "వదిలాను. బసవయ్యేడి?"

జాన్‌బాబు గొంతు తగ్గించాడు.

"మంచం మీదున్నాడన్నా. ప్రాణం లేదు. నువ్వు చక్రం తిప్పకుండా వదిలేస్తావని ముందు చెప్పలేదు."

పాండురంగయ్య అక్కడే కూలబడ్డాడు. "నిద్రపోయాడనుకున్నానే" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అక్షయ పుస్తకం మూసి అతని భుజం పట్టుకుంది.

"గేజి నేను చూస్తాను, నువ్వెళ్లు తాతయ్యా."

ఎగువ నుంచి నీళ్లొచ్చే పూట అతను లాకు వదిలి వెళ్లడం అదే మొదలు. తను వదిలిన నీళ్లతోపాటు గట్టు వెంట సైకిలు తొక్కాడు. వెళ్లేసరికి బసవయ్యను చల్లపల్లిలో వాళ్లింటికి ఆటోలో తీసుకెళ్లారు. అతను కాపలా ఉండే లాకు షెడ్డులో నులకమంచం, దాని నడుమ పల్లం, అంతే. గట్టు తెగలేదు, మలుపులో నీళ్లు నిబ్బరంగా తిరిగి పోతున్నాయి. ఆ మాట ఎవరికి చెప్పాలో పాండురంగయ్యకు తోచలేదు.

మబ్బు పట్టిన రోజు కదా, పొద్దున బసవయ్య ఉతికి లాకు ఊచల మీద ఆరేసుకున్న తువ్వాలు ఇంకా తడిగానే ఉంది.