విప్పి చూపించే పుండు

అరికాల్లో పుండు లేచాక మా బావ దగ్గరికి వచ్చిపోయేవాళ్లు పెరిగారు. ప్లీడరుగా ఉన్న రోజుల్లో కూడా ఆయన మాట వినడానికి ఇంతమంది రాలేదు. చక్కెర జబ్బు ఆయన పాదాల్లో స్పర్శని ఎప్పుడో తినేసింది. కొత్త బూటు ఒరుసుకుని బొటనవేలి కింద తోలు లేచిపోయినా ఆయనకి తెలియలేదు. మేజోడుకి అంటిన రసి చూసి కనిపెట్టింది మా అక్కే.

నెలలు గడిచినా పుండు మానకపోతే గాయాల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ చచ్చిన తోలంతా గీకి శుభ్రం చేసి, వెండి కలిపిన మెత్తటి నురుగుపట్టీ వేసింది. అది రసిని పీల్చుకుంటుందనీ, పుండు ఎండిపోకుండా కాపాడి కొత్త కండ పుట్టనిస్తుందనీ, తను విప్పేదాకా ఎవరూ ముట్టుకోకూడదనీ, ఆ కాలి మీద బరువు మోపకూడదనీ విడమరిచి చెప్పింది. బావ జడ్జీలా తలాడించాడు.

మర్నాడే ఎదురింటాయన పరామర్శకి వచ్చాడు. బావ పట్టీ అంచు గోటితో లేపి లోపల చూపించాడు. ఇలాంటివి అందరికీ వెయ్యరని కూడా చెప్పాడు. ఆ తర్వాత పాత క్లయింటు ఒకాయన వస్తే పూర్తిగానే విప్పాడు. బిస్కెట్లు తిన్న చేత్తోనే మళ్లీ అతికించి, ఆయన్ని గేటు దాకా నడిచి సాగనంపాడు. అక్క వద్దంటే, "పుండు నాది. నాకే లేని బెంగ నీకేమిటి?" అన్నాడు. గొప్పలు చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలక సొంత పుండుని తెరిచి చూపించే మనిషిని ఆయన్ని తప్ప ఇంకెవర్నీ నేను చూడలేదు.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లేసరికి పుండు పెద్దదై వాసన వేస్తోంది. ఎవరు విప్పారని డాక్టరమ్మ అడిగింది.

"ఆడవాళ్ల చేతులు ఊరుకోవు కదండీ," అన్నాడు బావ.

అక్క ఆయన వైపు తిరగనైనా లేదు. "డాక్టరమ్మా, ఈయన విప్పలేనట్టు కట్టండి. కుదరదంటే కాలు తీసెయ్యండి. ఏది చేసినా నాకు చాకిరీ తగ్గుతుంది," అంది.

బావ గబుక్కున కాలు వెనక్కి లాక్కున్నాడు.

మందులతో చీము తగ్గాక కొత్త పట్టీ వేసి, దాని మీద మోకాలి దాకా గట్టి కట్టు బిగించారు. అది విప్పాలన్నా మార్చాలన్నా ఆసుపత్రిలోనే. కట్టు చూడ్డానికి ఎవరొస్తారు? ఎదురింటాయన గేటు దగ్గరే పలకరించి పోయేవాడు. బావ అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఒకసారి స్కేలు దూర్చి కట్టు లోపల కెలకబోతే అక్క లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. చూపించుకునే వీలు లేకుండా పోయాక పుండు బుద్ధిగా పూడుకుంటూ వచ్చింది.

చివరి కట్టు విప్పిన రోజు అక్కడ లేత గులాబీ రంగు తోలు కనిపించింది. బయట బెంచీ మీద కాలికి గుడ్డ చుట్టుకున్న ఒకాయన, ఏ పట్టీ వాడారని బావని అడిగాడు. పట్టీదేముందని, అంతా మనోబలమని, తను వైద్యుల మాట జవదాటలేదని బావ ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

అక్క వంగి ఆయన కాలికి మెత్తటి బూటు తొడిగి, దాని బెల్టు బిగించింది.

"పట్టీ మంచిదేనండీ. ఎవరికీ విప్పి చూపించకండి, అంతే," అని ఆ పెద్దమనిషికి చెప్పి, ఆటో పిలవడానికి వెళ్లిపోయింది. బావ మనోబలం గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ పెద్దమనిషి మాత్రం అక్క వెళ్లిన వైపే చూస్తున్నాడు.