ఎంగిలి అద్దం

నేను ఒక స్నార్కెల్ మాస్కును. కళ్ళనూ ముక్కునూ కలిపి కప్పే మెత్తని అంచు, ముందు ఒక దళసరి గాజుపలక, వెనక తలకు బిగించే పట్టీ, పక్కన ఊపిరి పీల్చుకోవడానికి ఒక వంపు గొట్టం. ఇంతే నా శరీరం. నీరు నేరుగా కంటిని తాకితే మనిషికి చూపు కుదరదు. సముద్రగర్భమంతా అలికేసిన రంగుల ముద్దలాగా కనిపిస్తుంది. కంటికీ నీటికీ నడుమ గుప్పెడు గాలిని నిలిపి ఉంచడమే నా ఉద్యోగం. ఆ గుప్పెడు గాలిలోంచి ఏమేమి కనిపిస్తాయో చెప్పబోతే నాకు ఇప్పటికీ మాట తడబడుతుంది. అయినా ఒక క్రమంలో చెప్పడానికే ప్రయత్నిస్తాను. అక్కడికి మొదటిసారి వెళ్ళేవారికి నా అనుభవం పనికి రావచ్చు.

తూర్పు ఆసియాలోని ఒక కర్మాగారంలో, వేడి అచ్చులో పోసిన సిలికాన్ నుంచి నా అంచు పుట్టింది. నా గాజు ఒకప్పుడు ఇసుక. ఆ ఇసుక వేరు, ఈ కథలో తరవాత వచ్చే ఇసుక వేరు. నన్ను కొన్న మొదటి మనిషి ఒక చలిదేశపు ఇంజనీరు. ఆయన నన్ను కరీబియన్ సముద్రంలోని ఒక దీవికి తీసుకువెళ్ళి, వారం రోజులు వాడి, స్నానాలగది కొక్కేనికి తగిలించి మరచిపోయాడు. గదులు సర్దే అమ్మాయి నన్ను ఒడ్డున ఉన్న పడవల పాకలో అప్పగించింది. ఆ పాక యజమానురాలి వంటిది మార్వా. నలభై ఏళ్ళ దీవి మనిషి, సముద్రాన్ని తన పెరడు లాగా ఎరిగినది. అతిథులను పగడపు దిబ్బకు తీసుకువెళ్ళి చూపించడం ఆమె పని. ఆమె దగ్గర ఆరేళ్ళు కొలువు చేశాను.

ఆ రిసార్టు పద్ధతి ఏమిటంటే గది, భోజనం, పానీయం, ఆటపాటలు అన్నీ ముందే కలిపేసి ఉంటాయి. దిగగానే మణికట్టుకు ఒక రంగుపట్టీ కడతారు. ఆ పట్టీ ఉన్న చేతికి అక్కడ ఎవరూ ఏదీ లేదనరు. దాని ఫలితాన్ని నేను ఆరేళ్ళు పరిశీలించాను. అన్నీ నీవే అని చెప్పిన మరుక్షణం నుంచి మనిషికి ఏది పోగొట్టుకుంటానో అన్న భయం పట్టుకుంటుంది. మొదటిరోజే పళ్ళెం గోపురంలా నింపుతారు. రెండోరోజు గది దాటి రాలేరు. తెల్లవారక ముందే వచ్చి కుర్చీ మీద తువ్వాలు పరచి మళ్ళీ పోయి పడుకుంటారు. తొమ్మిదింటికి ఒడ్డు మీద తువ్వాళ్ళు కూర్చుని ఉంటాయి, మనుషులు నిలబడి ఉంటారు.

కాబట్టి నా మాట వినండి. మొదటిరోజు సగం కడుపుకే తినండి. రంగు పానీయాల నడుమ మంచినీళ్ళు తాగుతూ ఉండండి, అక్కడి ఎండ చెమటను కనిపించనివ్వదు. ఒంటికి లేపనాలు పూసుకునే బదులు పొడుగు చేతుల బట్టలు వేసుకోండి, కొన్ని లేపనాలు పగడాలకు విషం. అన్నిటికంటె ముఖ్యంగా, ఆకాశాన్ని కాదు, ఒడ్డున ఎగిరే జెండాను చూడండి. పచ్చజెండా కనిపించిన రోజునే పడవ ఎక్కండి. రేపు వెళదాంలే అనకండి. ఈ చివరి సలహాను నేను ఒక అక్కాతమ్ముళ్ళను చూసి నేర్చుకున్నాను.

తమ్ముడు వీరభద్రం గోదావరి జిల్లాలో సిమెంటు డీలరు. ఆ ఏడాది అమ్మకాల్లో ముందు నిలిచిన డీలర్లను కంపెనీవారు నాలుగు రోజులపాటు ఆ దీవికి తీసుకువచ్చారు. జంటగా రావాలి. ఆయన భార్య విమానం ఎక్కనని భీష్మించుకోవడంతో అక్కగారిని వెంటబెట్టుకు వచ్చాడు. అక్క హైమవతికి అరవై ఆరేళ్ళు. ఒక ఆడపిల్లల కాలేజీలో ముప్పైయొక్క సంవత్సరాలు జంతుశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి.

ఆమె పెట్టె గదిలో పెట్టగానే నేరుగా పాకకు వచ్చింది. మార్వా అడగకుండానే తన సంగతి చెప్పింది. వాళ్ళ కాలేజీ ల్యాబులో ఒక గాజు అలమరా, అందులో ఒక పగడపు ముక్క, ఎముకలాగా తెల్లగా. దాన్ని చూపించే ముప్పైయొక్క తరగతులకు పాఠం చెప్పింది. పగడం రాయి కాదు, కోటానుకోట్ల జీవుల ఊరు అని బోర్డు మీద బొమ్మ గీసేది. ఒక ఏడాది, మొదటి బెంచీలోని ఒక పిల్ల లేచి, మేడమ్, మీరు ప్రాణంతో ఉన్నదాన్ని చూశారా అని అడిగింది. లేదని నిజం చెప్పింది. తరగతి నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదని ఆమెకు ఇప్పటికీ అనిపిస్తుందట.

ఆరోజు పచ్చజెండా ఎగురుతోంది. పడవలో చోటు కూడా ఉంది. కాని వీరభద్రం వెనకనుంచి వచ్చి, ప్రయాణపు బడలిక తీరాలనీ, కంపెనీవారి విందు ఉందనీ చెప్పాడు. "సముద్రం ఎక్కడికి పోద్దే అక్కా, రేపెళ్దాంలే" అన్నాడు. మరునాడు గాలి లేచి ఎర్రజెండా ఎగిరింది.

ఆ ఖాళీ దినాన ఆమె మార్వాను అడిగి నన్ను గదికి తీసుకువెళ్ళింది. ఆరేళ్ళలో ఎన్ని ముఖాలకు ఆనుకున్నానో మార్వా గొప్పగా చెప్పడమే పొరపాటయింది. ఆమె నన్ను సబ్బుతో తోమింది, వేడినీళ్ళతో కడిగింది, చున్నీతో తుడిచింది. మళ్ళీ తోమింది. మూడోసారి నా గాజు మీద వేలు రాసి కిర్రుమనేదాకా కడిగింది. ప్రతి సాయంత్రం మార్వా నన్ను మందునీళ్ళలో ముంచి తీస్తుందని ఆమెకు తెలుసు. సూక్ష్మజీవుల సంగతి ఆమెకు చెప్పగలవారు లేరు. కాని ఎంగిలి అనేది సూక్ష్మజీవులతో తీరే వ్యవహారం కాదు. భోజనాల హాల్లో కూడా రొయ్యల పళ్ళెంలోని పట్టకారు పండ్ల పళ్ళెంలోకి వచ్చిందని, ఆమె ఆ పండ్ల వైపు మళ్ళీ చూడలేదు.

మూడోరోజు పసుపుజెండా, అంటే జాగ్రత్తగా వెళ్ళవచ్చు. నీటిలో తేల్చే గాలిచొక్కా తొడుక్కుని, పొడుగు చేతుల చుడీదారులో ఆమె పడవ ఎక్కింది. వీరభద్రం ఒడ్డునే కొబ్బరిబోండంతో కుర్చీలో స్థిరపడ్డాడు. దిబ్బ దగ్గర మార్వా నన్ను ఆమె చేతికిచ్చి, అద్దం లోపల ఉమ్మి, వేలితో రాసి, సముద్రపు నీటిలో ఒకసారి తొలిచి పెట్టుకోమంది. ప్రపంచమంతటా ఈతగాళ్ళు చేసేది అదే. హైమవతి తలెత్తి చూసింది. కడిగే తెచ్చానని చెప్పి, నన్ను అలాగే ముఖానికి తగిలించుకుంది.

తరవాత జరిగినదానికి నేను బాధ్యురాలిని కాను, భౌతికశాస్త్రం బాధ్యురాలు. ముఖపు ఆవిరి చల్లని గాజును తాకి చిన్నచిన్న బిందువులుగా పేరుకుంది. సబ్బు తడి కాస్త మిగిలి ఉన్నా ఆ బిందువులు పలచని పొరగా పరుచుకునేవి. ఆమె దానినీ మిగల్చలేదు. లాలాజలంలో ఉన్న జిగురు సరిగ్గా ఆ పని చేస్తుంది. ఆ జిగురు పేరూ, అది ఊరే గ్రంథులూ, వాటి బొమ్మా ఆమె ముప్పైయొక్కసార్లు బోర్డు మీద గీసింది. ఆ జ్ఞానమంతా వెంట ఉండి కూడా, ఆమె ఆ ఉదయం నలభై నిమిషాలపాటు ఒక తెల్లని పొగమంచును చూసింది. మార్వా నీళ్ళలోంచి తల పైకెత్తి మళ్ళీ బతిమాలింది.

"ఉమ్మండి మేడమ్. చేపలు పొద్దుటి నుంచీ ఈ నీళ్ళలో ఇంతకంటె పెద్ద పనులే చేస్తున్నాయి."

ఆమె అడ్డంగా తలూపింది. పడవ తిరిగి వచ్చేసింది.

ఆ సాయంకాలం ఆమె నన్ను ఒళ్ళో పెట్టుకుని ఇసుకలో కూర్చుంది. రేపు రాత్రికి తాను విమానంలో ఉంటుంది. మిగిలినది ఒక్క ఉదయం. మధ్యాహ్నం విమానాశ్రయానికి బస్సు. వీరభద్రం పక్కన చతికిలబడి, ఏం చూశావని అడిగాడు. ఏమీ చూడలేదని, ఎందుకు చూడలేదో చెప్పింది. తొలిరోజు ఆపింది తానేనని ఆయనకు గుర్తుంది. అందుకే వెంటనే నవ్వలేదు. కాసేపు ఇసుక గుప్పిట పట్టి వదిలాడు.

"నా ఉమ్మయితే పర్వాలేదా? పొద్దున్నే వచ్చి ఉమ్మేసి పోతాను."

"ఛీ. నోర్ముయ్యరా అబ్బులూ."

"మరి చిన్నప్పుడు జామకాయ పరికిణీ అంచులో చుట్టి కొరికి, ఇదిగో కాకి ఎంగిలి, తప్పులేదు అని నా నోట్లో పెట్టేదానివి. నేను మింగలేదేటి?"

"నీకు ఆకలేసేది. అందుకు."

"ఇప్పుడు నీకేస్తంది గదే అక్కా. ముప్పయ్యేళ్ళ నుంచీ."

 నా గాజును తుడుస్తున్న ఆమె వేళ్ళు ఆగిపోయాయి. వీరభద్రం, కావాలంటే చున్నీ అడ్డం పెట్టుకుని ఉమ్మమనీ, అప్పుడది కాకి ఎంగిలే అవుతుందనీ అన్నాడు. ఆమె నవ్వింది. ఆ దీవికి వచ్చాక ఆమె నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

చివరి ఉదయం పచ్చజెండా. పడవలో మరో ఐదుగురు అతిథులున్నారు. దిబ్బ దగ్గర మార్వా ఈసారి బతిమాలకుండా అటు తిరిగి నిలబడింది. హైమవతి నన్ను రెండు చేతులతో పట్టుకుంది. చున్నీ మెడలోనే ఉంది. దాన్ని వెనక్కి తోసేసి, అందరి ఎదుటా, నా గాజు మీద ఉమ్మింది. వేలితో శ్రద్ధగా అంచుల వరకూ రాసింది. ఒక్కసారి, ఒక్కసారే, ఉప్పునీటిలో తొలిచింది. ముఖానికి పెట్టుకుని, మార్వా చేయి పట్టుకుని, నీటిలోకి ముఖం వంచింది.

ఆరేళ్ళుగా చూస్తున్న దృశ్యమే అది. అయినా ప్రతిసారీ నేను కొత్తదాన్ని అవుతాను. పైనుంచి దిగే వెలుగు నీటిలో వలలా అల్లుకుని, ఆ వల దిబ్బంతటి మీదా మెల్లగా జరుగుతుంటుంది. ఊదారంగు విసనకర్రల్లాంటి పగడాలు, లేని గాలికి ఊగుతున్నట్లు, అలతో ఒక్కపెట్టున అటు వంగి ఒక్కపెట్టున ఇటు వంగుతాయి. మనిషి మెదడును పెద్దది చేసి బోర్లించినట్లున్న బంగారురంగు గుండ్లు. వాటి నడుమ నీలం గోళీలు విసిరినట్లు చేపపిల్లలు. ఇదంతా ఏ చప్పుడూ లేకుండా జరుగుతుందని మీరు అనుకుంటారు. కాదు. చెవులు నీటిలో మునిగిన క్షణం నుంచీ నాలుగు వైపులా వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్లు పటపటమనే ధ్వని.

పగడపు జీవులు సాధారణంగా పగలు ముడుచుకుని రాత్రి విచ్చుకుంటాయి. స్తంభాలలాగా నిటారుగా పెరిగే ఒక జాతి మాత్రం పగలే విచ్చుకుంటుంది. మార్వా ఆమెను దాని ముందుకే తీసుకువెళ్ళింది. ఆ స్తంభం పొడవునా వెంట్రుకల వంటి చేతులు వేలకువేలు నీటిలో కదులుతున్నాయి. చెయ్యి చాస్తే అందేటంత దగ్గర. ఆమె చాచలేదు. తాకకూడదని ఎవరూ చెప్పనక్కరలేదు ఆమెకు. కొన్ని క్షణాలు ఊపిరి గొట్టంలో శబ్దం కూడా వినిపించలేదు. తరవాత నాలోపల తడి చేరింది. నా అంచు కారలేదు, ఆ నీరు బయటి సముద్రానిది కాదు.

కొంచెం అవతల ఒక మూల దిబ్బ తెల్లగా ఉంది. నీరు వేడెక్కి ప్రాణం పోయిన భాగం. ఆ తెలుపును ఆమె గుర్తుపట్టింది. కాలేజీ అలమరాలో ఉన్నది ఆ తెలుపే. అక్కడ ఎక్కువసేపు ఆగలేదు.

అప్పుడే ఒక చిలకచేప వచ్చింది. పచ్చని ఒళ్ళు, చిలుకకు ఉన్నట్లే ముక్కు. అది పగడపు రాతిని కొరికింది. ఆ పటపట ధ్వనిలో కొంత రాతి సందుల్లోని రొయ్యలది, కొంత దీనిదీ, దీని వంటి వందల చేపలదీ. కొరికి, నమిలి, పాచిని కడుపులో ఉంచుకుని, రాతిని పిండి చేసి, వెనకనుంచి తెల్లని మేఘంలా వదిలింది. ఆ మేఘం మెల్లగా కిందికి దిగి అడుగున సర్దుకుంది. హైమవతి ఆ అడుగును చూసింది. అడుగంతా ఆ తెలుపే. అక్కడినుంచి చూపు ఒడ్డువైపు సాగదీసింది. ఒడ్డుదాకా ఆ తెలుపే. పుస్తకంలో ఆమె చదివిన వాక్యమే అది. చదివినప్పుడు వాక్యం, ఇప్పుడు తీరం. వేల ఏళ్ళుగా లెక్కలేనన్ని నోళ్ళు కొరికి వదలగా ఒక దీవికి అంచు ఏర్పడింది. దాని మీద తువ్వాళ్ళు పరుచుకుని దేశదేశాల మనుషులు స్వర్గమని పడుకుంటున్నారు.

ఆమె పడవెక్కి నన్ను నుదుటి మీదికి నెట్టుకుంది. ముఖం మీద నా అంచు గుండ్రని గాడి వేసింది. ఒడ్డున దిగగానే వీరభద్రం ఎదురు వచ్చాడు. ఏడ్చావా నవ్వావా చెప్పమన్నాడు.

"ఒరేయ్ అబ్బులూ, నాలుగు రోజులుగా మనం దేని మీద కూర్చున్నామో తెలుసా?"

"ఇసక మీద."

"చేపల ఎంగిలి మీద. ఎంగిలి కూడా కాదు, దాని తరవాతిది."

వీరభద్రం ఒక కాలు ఎత్తి, దింపడానికి చోటు దొరకనట్లు కొంతసేపు అలాగే నిలబడ్డాడు. తరవాత దాన్ని నెమ్మదిగా ఆ ఇసుకలోనే మోపాడు.

నన్ను విప్పబోతే నా పట్టీ తెగింది. ఆరేళ్ళ ఉప్పుకూ ఎండకూ సిలికాన్ పచ్చబడి బీటలు వారింది. ఇక అతిథులకు ఇవ్వడానికి పనికిరానని చెప్పి మార్వా నన్ను ఆమెకే ఇచ్చేసింది. కడిగి ఇస్తానని తొట్టి వైపు నడవబోతే హైమవతి ఆమె చేయి పట్టుకుని ఆపింది. చున్నీలో చుట్టుకుని పెట్టెలో పెట్టుకుంది.

ఇప్పుడు నేను గోదావరి జిల్లాలో ఒక ఆడపిల్లల కాలేజీ ల్యాబులో, గాజు అలమరాలో ఉన్నాను. నా పక్కనే ఆ తెల్లని పగడం. మాకు సంభాషణ లేదు. అది ప్రాణంతో ఉన్నప్పటి రంగును నేను ఎరుగుదును, అంతే. ప్రతి సంవత్సరం పగడాల పాఠం వచ్చే రోజున హైమవతి గారు పిలవకపోయినా వస్తారు. నన్ను బయటికి తీసి బల్ల మీద పెట్టి, మీరు చూశారా అని ఎవరైనా అడుగుతారేమోనని కాసేపు ఆగుతారు. ఎవరో ఒకరు అడుగుతారు.

నా గాజు లోపలివైపు ఒక మూల, ఉప్పూ ఇంకేదో కలిసి ఆరిపోయిన సన్నని మరక ఉంది. అటెండరు తడిగుడ్డతో అలమరా అంతా తుడుస్తాడు, నా దగ్గరకు వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. నా ముందు నిలబెట్టిన అట్టముక్క మీద ఆమె గుండ్రని దస్తూరీలో మూడు పంక్తులున్నాయి. మాస్కు. కరీబియన్ సముద్రం. కడగరాదు.