నన్నడగని ప్రశ్న

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా ఆయన బంగార్రాజు పేరు చెబితే జనం ముందు నవ్వుతారు, తర్వాతే మా క్వార్టరు ఎటో చూపిస్తారు. ఆ నవ్వులో సగం నా మీదే. నేను కనకాన్ని, ఆయన చెప్పే డబ్బా కథలో మతిమాలిన పెళ్లాన్ని.

కథ ఇదీ. అప్పట్లో ఆయనకి కోటా స్టేషన్‌లో డ్యూటీ. రోజూ నేను అన్నం క్యారియరు తీసుకెళ్లి కట్నీ పాసింజరు గార్డు చేతికిస్తే అది కోటాలో ఆయనకి అందేది. ఒకరోజు పొరపాటున రాయపూర్ వెళ్లే బండికి ఇచ్చేశాను. ఆ డబ్బా టికెట్టు లేకుండా ఊళ్లన్నీ తిరిగిందనీ, ప్రతి స్టేషన్ మాస్టరూ మూత తీసి వాసన చూసి, దండం పెట్టి ముందుకు సాగనంపాడనీ, నాలుగో రోజుకి ఖాళీగా ఇల్లు చేరిందనీ ఆయన హిందీలో చేసి చూపిస్తుంటే జనం పొట్టలు పట్టుకునేవారు. దుర్గాపూజ పందిళ్లలో మొదలైన మనిషి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుకి, అక్కణ్నుంచి నాగపూర్ స్టేజీల దాకా ఆ ఒక్క కథతోనే వెళ్లాడు.

అందులో ఆయన చెప్పనిది ఒకటుంది. ఆ రోజుకి మా పాప అసిరమ్మ పోయి మూడు రోజులు. రెండేళ్ల పిల్ల. మెదడువాపు జ్వరం అన్నారు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఈయన డ్యూటీకి పోయాడు. నాకు ఏ బండి ఎటు పోతుందో కనబడితే కదా! కనకానికి మతి పోయిందని ఇరుగుపొరుగువాళ్లు గుసగుసలాడుతుంటే, ఈయన గుమ్మంలో నిలబడి దాన్నో నవ్వుల కథగా చెప్పి వాళ్ల నోళ్లు మూయించాడు. నన్ను కాపాడ్డానికే చేశాడు, కాదనను. కానీ ఆ రోజు నుంచి పిల్ల పేరు ఆయన నోట రాలేదు. నేను ఎత్తితే లేచి బయటికి పోయేవాడు. పదకొండేళ్లు అలాగే గడిచాయి.

అదైనా ఓర్చుకుందును. తొంభై నాలుగులో కేబుల్ టీవీ నడిపే రాంప్రసాద్ వచ్చి, ఆదివారం సాయంత్రాలు ఊళ్లోవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించమన్నాడు. నవ్వించేవాడు కాస్తా అడిగేవాడయ్యాడు. ఎంత మెత్తగా అడిగేవాడనీ! బెల్తరా నుంచి వచ్చిన పహిల్వాన్ చేత చనిపోయిన తమ్ముడి పేరు చెప్పించి, బతికుంటే ఇప్పుడేం చేస్తుండేవాడని ముందుకు వంగి అడిగాడు. అంతటి మనిషీ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. టీవీ ముందు కూర్చుని నేను పళ్లు నూరుకునేదాన్ని. ఊళ్లో అందరి ఏడుపూ కావాలి ఈ పెద్దమనిషికి, నాది తప్ప.

నూరో వారానికి అతిథిగా నన్నే రమ్మన్నాడు రాంప్రసాద్. అందరినీ అడిగేది నన్నూ అడిగితేనే వస్తానని ఈయనతో చెప్పాను. తలూపాడో, చొక్కా గుండీ చూసుకున్నాడో తెలియలేదు.

ఆ ఆదివారం లైట్ల కింద ఎదురెదురుగా కూర్చున్నాం. ముందు యాభై మంది దాకా జనం. వంటల గురించి అడిగాడు, చీరల గురించి అడిగాడు. ఇంతలో ఎవరో డబ్బా కథ కావాలన్నారు. లేచి నిలబడ్డాడు. నా ఎదుటే మొత్తం చేశాడు, స్టేషన్ మాస్టర్ల దండాలతో సహా. జనం కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన కూర్చోగానే, అందరికీ తెలియాలని హిందీలోనే అన్నాను. ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్లనీ పోయినవాళ్ల పేరు అడుగుతారు కదా, నన్నూ అడగండి అన్నాను. ఇదీ కథలో భాగమే అనుకుని జనం ఇంకా గట్టిగా నవ్వారు.

ఆయన నవ్వలేదు. మైకు ఒళ్లో పెట్టుకున్నాడు. ఈసారీ లేచి పోతాడనుకున్నాను. పోతే మాత్రం ఆ ఇంటి గడప ఇక తొక్కకూడదని గట్టిగా అనుకున్నాను.

అప్పుడు అన్నాడు, తెలుగులో, మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో.

"మన అసిరి ఈ ఏడు పదో క్లాసు రాయాల, కనకం."

జనంలో ఎవరికీ అర్థం కాలేదు. నవ్వు ఆగిపోయింది. ఏటేటా లెక్క వేసుకుంటున్నాడన్నమాట, నాలాగే, నాకు చెప్పకుండా. మర్చిపోయాడని ఇన్నేళ్లూ లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాను. ఏడవాలనిపించింది. కానీ లెక్క తప్పుగా చెప్పాడు, ఊరుకోలేకపోయాను.

"కాదండి. కార్తీకంలో పుట్టింది గదా. ఓ ఏడు ఆలస్యంగా సేర్పిద్దుం. తొమ్మిదే."

"తొమ్మిదేటి? నానైతే ముందే సేర్పిద్దును. సురుకైన పిల్ల."

"సంటిపిల్లని అంత వేగిరం బడికి తోలడానికి నానొప్పుకోను."

రాంప్రసాద్ కెమెరా వెనక నుంచి హిందీలో మాట్లాడమని సైగలు చేస్తున్నాడు. మేం అటు చూడలేదు. పిల్లని ఏ ఏడు బడిలో వెయ్యాలో మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.